తెర మీద స్కేల్ పెట్టే ముందు

చి. అమ్ములుకి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు చెప్పినదాంట్లో సగం మెట్రో మోతలో కొట్టుకుపోయింది. మిగిలిన సగంలో నాకు అర్థమైంది ఇదీ: రెండు బటన్ల మధ్య 24 పిక్సెల్స్ ఖాళీ ఉండాలని డిజైనర్ అన్నాడు, కోడ్ రాసినబ్బాయి 24 పెట్టానని ఒట్టేస్తున్నాడు, తెర మీద పిక్సెల్స్ కొలిచే నీ స్కేల్ సాఫ్ట్‌వేర్ మాత్రం 30 చూపిస్తోంది. టెస్టర్‌వి కాబట్టి నువ్వు దాన్ని ఆ అబ్బాయి చేసిన తప్పు కింద రాసి పంపితే ఆ అబ్బాయి మొహం మాడ్చుకున్నాడు. అంకెల గొడవ ఫోన్‌లో తేలదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు నీ టెన్షన్ తీర్చేస్తా. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. 24ని 1.25తో గుణించి చూడు. 30 వచ్చిందా? ఇప్పుడు నీ ల్యాప్‌టాప్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి స్కేల్ అన్న చోట చూడు. 125 శాతం అని ఉంటుంది. చిన్న తెర మీద అక్షరాలు చీమల్లా కనబడతాయని విండోస్ అన్నిటినీ ఆ మేరకు పెంచి గీస్తుంది. స్కేలింగ్ అంటే అదే. డిజైనర్ చెప్పే పిక్సెల్ లెక్కలోది. నీ స్కేల్ లెక్కపెట్టే పిక్సెల్ అద్దం మీద నిజంగా వెలిగే చుక్క. ఒకే ఆఫీసులో ఇద్దరు శ్రీనివాసులు ఉన్నట్టు, పేరొకటే, మనుషులు వేరు. ఒకరి ఉత్తరం ఇంకొకరి టేబుల్ మీదకి వెళ్లింది, అంతే.

దీనికి బ్రౌజర్ జూమ్ కూడా తోడవుతుంది. కళ్లు లాగుతున్నాయని 110 పెట్టుకున్నావనుకో, 24 కాస్తా 33 అవుతుంది. కంట్రోల్, సున్నా కలిపి నొక్కితే జూమ్ 100కి వచ్చేస్తుంది. కొలిచే ముందు ప్రతిసారీ అది నొక్కు. ఇంకో దారి కూడా ఉంది. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, ఆదేశాలు టైప్ చేసే కన్సోల్‌లో విండో డాట్ డివైస్‌పిక్సెల్‌రేషియో అని టైప్ చేస్తే స్కేలింగ్, జూమ్ రెండూ కలిసిన గుణకం ఒకే అంకెగా వస్తుంది. నీ స్కేల్ చూపించినదాన్ని ఆ అంకెతో భాగించు. వచ్చేది డిజైనర్ భాషలోని పిక్సెల్.

మధ్యాహ్నం దాకా 24 వచ్చి సాయంత్రానికి 30 ఎలా అయిందని కూడా అడిగావు. మధ్యాహ్నం ఆఫీసులో పెద్ద మానిటర్ మీద కొలిచి ఉంటావు. దానికి స్కేలింగ్ 100 ఉంటుంది. సాయంత్రం వైరు పీకి ల్యాప్‌టాప్ మీదకి వచ్చావు. విండోని ఒక తెర మీంచి ఇంకో తెర మీదకి లాగినా ఇదే జరుగుతుంది. నీ కొలత మారలేదు, కొలిచిన నేల మారింది.

ఇక స్కేల్ సంగతి. నువ్వు ఏదో వెబ్‌సైట్ నుంచి దింపుకున్నానన్నావు, అది నాకు నచ్చలేదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఊరూ పేరూ లేని సాఫ్ట్‌వేర్ ఎక్కించకు. మైక్రోసాఫ్ట్ వాళ్లే ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో స్క్రీన్ రూలర్ అని ఒకటుంది. ఐటీ వాళ్లని అడిగి అది వేయించుకో. కొత్త వెర్షన్లలో విండోస్, కంట్రోల్, షిఫ్ట్, ఎం నాలుగూ కలిపి నొక్కితే పైన చిన్న పట్టీ వస్తుంది. అందులో ఒకటి మౌస్‌తో డబ్బా గీసి కొలిచేది. మిగతావి బాణం పెట్టిన చోటి నుంచి అడ్డంగానో నిలువుగానో రెండువైపులా ఎంత ఖాళీ ఉందో వాటంతట అవే చూసి చెప్పేవి. ఎస్కేప్ నొక్కితే పోతుంది. వేయించుకోవడం కుదరకపోతే ప్రింట్ స్క్రీన్ కొట్టి పెయింట్‌లో అతికించు. బాణం ఎక్కడుందో కింద పట్టీలో అంకెలు చూపిస్తుంది, డబ్బా గీస్తే దాని పొడవు వెడల్పు చూపిస్తుంది. నేను ఇప్పటికీ సగం పని పెయింట్‌తోనే చేస్తాను. మ్యాక్ వాడే నీ స్నేహితురాలికైతే ఏదీ దింపుకునే పనే లేదు. కమాండ్, షిఫ్ట్, 4 నొక్కి లాగితే పక్కనే అంకెలు వస్తాయి. కాకపోతే చుక్కలు బాగా చిన్నగా ఉండే రెటీనా తెర మీద అవి పాయింట్లు, అంటే లెక్కలోని పిక్సెల్స్. తీసిన బొమ్మలో పిక్సెల్స్ దానికి రెట్టింపు ఉంటాయి.

తనంతట తాను కొలిచే పద్ధతి ఎలా పనిచేస్తుందో తెలిస్తే అది ఎక్కడ బోల్తా కొడుతుందో కూడా తెలుస్తుంది. బాణం ఉన్న చోటి రంగు చూసుకుని, అదే రంగు ఎంతవరకు సాగిందో అంతవరకు వెళ్లి, రంగు మారగానే ఆగుతుంది. తెల్ల నేల మీద నల్ల గీత అయితే గొడవే లేదు. బటన్ కింద లేత నీడ ఉంటే మాత్రం నీడ దగ్గరే ఆగిపోయి, బటన్ అక్కడే మొదలైందని చెబుతుంది. అప్పుడు మౌస్ చక్రం తిప్పు. రంగులో ఎంత తేడా వస్తే గోడ అనుకోవాలో ఆ పట్టింపు పెరుగుతుంది, తగ్గుతుంది. అంకె గంతులు వేయడం మానేదాకా తిప్పి చూసి, అప్పుడు రాసుకో.

మీ యాప్ తెలుగులో కూడా వస్తుందన్నావు కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్పాలి. నేను సీసపు అక్షరాలు కూర్చే రోజుల్లో మొదలుపెట్టినవాణ్ణి. తెలుగు అక్షరం ఎంత చోటు తింటుందో మా వేళ్లకి తెలుసు. 'కల' అన్న మాట గీత మీద బుద్ధిగా కూర్చుంటుంది. 'రాష్ట్రం' అన్నావో, కింద వేలాడే ఒత్తులు పక్క వరస నెత్తికి తగులుతాయి. ఆ మాట వచ్చిన చోటల్లా వరసల మధ్య లెడ్డు ముక్క ఒకటి అదనంగా దూర్చేవాళ్లం. నీ తెర మీదా అదే కథ. 'కల' అన్న వరస కింద బాణం పెట్టి అక్షరం అడుగు నుంచి కింది బటన్ దాకా కొలిస్తే 24 వచ్చిందనుకో. అదే చోట 'రాష్ట్రం' ఉంటే స్కేల్ ఒత్తు కొస దగ్గర ఆగి 17 అనో 18 అనో అంటుంది. డిజైనర్ లెక్క అక్షరం సిరాకి కాదు, అక్షరాలు కూర్చున్న పెట్టెకి. ఎఫ్12 నొక్కి, తెరుచుకున్న పట్టీ మొదట్లో ఉన్న బాణం గుర్తు నొక్కి, ఆ మాట మీద బాణం పెడితే పెట్టె అంచులు రంగులో కనబడతాయి. అక్కడి నుంచి చూడు. ఇంగ్లిషు స్క్రీన్లు చూసి అలవాటైన టెస్టర్లు తెలుగు స్క్రీన్ల మీద రాసే తప్పుల్లో సగం ఈ ఒత్తుల పుణ్యమేనని నా అనుమానం. ఒకవేళ ఒత్తు నిజంగానే కింది బటన్‌ని తాకుతుంటే అది అసలైన తప్పు. దాన్ని వదలకు, అక్కడ పోట్లాడు.

ఒక పిక్సెల్ తేడా వస్తే మటుకు పోట్లాడకు, ముందు లెక్కపెట్టుకో. కిటికీకి పది ఊచలుంటే మధ్యన సందులు తొమ్మిది. 100వ చుక్క నుంచి 124వ చుక్క దాకా అంటే తీసివేతలో 24, రెండు చివరలూ కలుపుకుంటే 25. కొన్ని స్కేళ్లు ఇలా, కొన్ని అలా లెక్కిస్తాయి. నీది ఏ రకమో తెలుసుకోవడానికి పెయింట్‌లో సరిగ్గా 100 పిక్సెల్స్ వెడల్పున్న బొమ్మ చేసి దాన్నే కొలిచి చూడు. ఐదు నిమిషాల పని.

వాట్సాప్‌లో వచ్చిన స్క్రీన్‌షాట్ మీద స్కేల్ పెట్టకు. దారిలో అది బొమ్మని నొక్కేసి, చిన్నది చేసేసి పంపుతుంది. డాక్యుమెంట్‌గా పంపమను.

పిక్సెల్ సంగతి అయింది. మిల్లీమీటర్లు, అంగుళాలు వచ్చేసరికి ఇంకా జాగ్రత్త కావాలి. ఈ పాఠం నేను డబ్బు కట్టి నేర్చుకున్నాను. 1999 మాఘమాసం. ప్రెస్‌కి కంప్యూటర్ కొత్తగా వచ్చింది. 15 అంగుళాల డబ్బా మానిటర్, 800 బై 600. నాకింకా చేతి స్కేల్ మీదే నమ్మకం. ఒకవైపు అంగుళాలు, రెండోవైపు అచ్చు పనివాళ్లు వాడే పైకా కొలతలు ఉన్న ఇనప స్కేల్ ఎప్పుడూ జేబులోనే ఉండేది. పెళ్లి కార్డు తెర మీద 'అసలు సైజు' అని పెట్టి, అద్దానికి స్కేల్ ఆనించి ఏడు అంగుళాలు రాగానే సరే అనుకున్నా. ఛత్తాబజార్ నుంచి ఏడున్నర కవర్లు కూడా తెప్పించేశా. అచ్చయి వచ్చిన కార్డు ఐదుంపావు. కవర్‌లో వేసి ఊపితే అగ్గిపెట్టెలో పుల్లలా ఆడింది. పెళ్లికూతురి తండ్రి ఏమీ అనలేదు, కార్డుని కవర్‌లోకి వేసి తీసి, వేసి తీసి నా వంక చూశాడంతే. రెండోసారి అచ్చు ఖర్చు నాదే.

ఏం జరిగిందంటే, విండోస్ ఒక అంగుళానికి 96 చుక్కలని ముందే అనుకుని కూర్చుంటుంది. నా డబ్బా మానిటర్‌కి నిజంగా అంగుళానికి 72 చుక్కలే ఉన్నాయి. దాంతో ప్రతి అంగుళమూ అంగుళం మీద మూడో వంతు పెద్దదై కనిపించింది. తమాషా ఏమిటంటే, కార్డు కూర్చిన పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో పైన గీసి ఉన్న స్కేల్ ఐదుంపావు అని చూపిస్తూనే ఉంది. నేను దానికేసి చూడలేదు.

ఇప్పటి ల్యాప్‌టాప్ తెరలు దీనికి తిరగేసి మోసం చేస్తాయి. చుక్కలు చిన్నవి కాబట్టి అంగుళం అంగుళం కంటే చిన్నగా కనబడుతుంది. అందుకని ఏ స్కేలైనా మిల్లీమీటర్లలో చెబితే వెంటనే నమ్మకు. పర్సులోంచి ఏటీఎం కార్డు తియ్యి. పీవీసీ ఆధార్ కార్డయినా సరే, కొలత ఒకటే. 85.6 మిల్లీమీటర్ల పొడవు, ప్రపంచమంతా అంతే. దాన్ని తెరకి ఆనించి, ఆ పొడవుకి ఎన్ని పిక్సెల్స్ వచ్చాయో చూడు. మా ఇంట్లో 23.8 అంగుళాల మానిటర్ మీద 312 వస్తాయి. నీ 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ కూడా 1920 బై 1080దే అయితే 476 దగ్గర రావాలి. కార్డు గట్టిగా నొక్కకు, తెర పోతుంది. తల కూడా నిటారుగా పెట్టుకుని చూడు, పక్క నుంచి చూస్తే కార్డు అంచు జరిగినట్టుంటుంది.

ఇదే కిటుకుతో పోయిన నెల మీ నాన్నకి ఒక పని చేసిపెట్టాను, చెప్పాడో లేదో. ఘట్‌కేసర్ వైపు 200 గజాల ప్లాటు, 30 బై 60. లేఅవుట్ కాగితం స్కాన్ చేసి పంపారు. ముందు 30 అడుగుల రోడ్డు అని రాసి ఉంది. 60 అడుగులని రాసిన గీతని కొలిస్తే 240 పిక్సెల్స్ వచ్చింది. అంటే అడుగుకి నాలుగు. రోడ్డు 120 రావాలి కదా, 104 వచ్చింది. అంటే 26 అడుగులు. స్కానర్ కాగితాన్ని ఒక దిక్కు లాగి ఉంటుందేమోనని, రోడ్డు వెడల్పు వెళ్లే దిక్కులోనే 30 అడుగులని రాసిన ప్లాటు గీతని కూడా కొలిచా. అది 120కి సరిపోయింది. కాగితం వంకరగా ఉందేమోనని, మేస్త్రీ మూలమట్టం చూసినట్టు ఒక మూల నుంచి అడ్డంగా 90, నిలువుగా 120 పోయి, ఏటవాలుగా 150 వచ్చిందో లేదో చూశా. వచ్చింది. ఆ మాట అడిగితే లేఅవుట్ వాళ్లు 'గీసినప్పుడు అలా పడింది సార్' అన్నారు. నిజంగానే గీయడంలో పడిందో, నేల మీద కూడా 26యేనో తేల్చాల్సింది టేపు పట్టుకున్న సర్వేయరే. అడగాల్సిన ప్రశ్న దొరకడం వరకే నా స్కేల్ పని. మీ నాన్న అడ్వాన్స్ ఆపాడు.

ఇక రేపు ఆఫీసుకి వెళ్లగానే ఆ అబ్బాయి మీద రాసిన తప్పుని మూసెయ్యి. మూసేటప్పుడు 'తప్పు కాదు' అని రెండు ముక్కలు రాసి వదలకు. ఇలా రాయి: ల్యాప్‌టాప్ తెర, స్కేలింగ్ 125, జూమ్ 100, కొలిచింది 30, 1.25తో భాగిస్తే 24, డిజైన్‌లో 24, సరిపోయింది. మేనేజర్‌కి కాపీ పెట్టు. ఆ అబ్బాయికి ఒక చాయ్ ఇప్పించు, ఉస్మానియా బిస్కెట్ నా ఖాతాలో.

ఇట్లు,
పెదనాన్న
నల్లకుంట