ఎముక కొయ్యబోయే ముందు

అమ్మలూ,

వాషింగ్టన్ రాష్ట్రంలో పీహెచ్‌డీ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అక్కడి ఆదివాసుల పూర్వీకులు ఏం తిన్నారో, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళారో ఐసోటోపులతో, అంటే ఒకే మూలకంలోని తేలిక, బరువు అణువుల పాళ్ళతో, చూస్తావట. సగం జీవితం ఆ పనిలోనే గడిపినదాన్ని కదా, నీకు రాయకుండా ఉండలేకపోయాను.

వెళ్ళే ముందు నీ జుట్టులో చిన్న పాయ కత్తిరించి దాచుకో. వరి, కంది, గోధుమ గాలిలోని కార్బన్‌ను ఒక పద్ధతిలో పట్టుకుంటాయి. జొన్న, సజ్జ, రాగి, మొక్కజొన్న ఇంకో పద్ధతిలో పట్టుకుంటాయి. అందుకే మొదటి గుంపు కార్బన్ విలువ (బరువైన కార్బన్ పాలు ప్రామాణికం కంటే వెయ్యికి ఎంత తేడాగా ఉందో చెప్పే లెక్క) మైనస్ 26 దగ్గర, రెండో గుంపుది మైనస్ 12 దగ్గర ఉంటుంది. అమెరికాలో కోళ్ళకూ పశువులకూ ఎక్కువగా మొక్కజొన్నే మేత. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అక్కడ ఏడాది పాటు చికెన్ తిన్నాక మళ్ళీ కొలిచి చూడు, అన్నం పప్పు తిన్న నువ్వూ అక్కడి నువ్వూ వేరువేరుగా కనిపిస్తారు. 1977లో వోగెల్, వాన్ డెర్ మెర్వె అనే శాస్త్రవేత్తలు న్యూయార్క్ ప్రాంతపు పాత ఎముకల్లో మొక్కజొన్న సేద్యం జాడ పట్టుకున్నది ఈ తేడాతోనే.

కానీ నువ్వు పని చేయబోయేది పడమటి తీరంలో. సముద్రపు చేప కూడా కార్బన్ విలువను మొక్కజొన్న వైపే లాగుతుంది. నైట్రోజన్ చూడకుండా ఏదీ తేల్చి చెప్పకు. తినేవాళ్ళ నైట్రోజన్ విలువ తిన్నదానికంటే 3 నుంచి 5 దాకా ఎక్కువ ఉంటుంది, అంటే ఒక మెట్టు పైన. సముద్రంలో చిన్న చేపను పెద్ద చేప తింటూ పోతుంది కాబట్టి ఈ మెట్లు చాలా ఉంటాయి. తల్లిపాలు తాగే బిడ్డ కూడా తల్లికంటే ఒక మెట్టు పైనే ఉంటుంది. పసిపిల్లల ఎముకలో నైట్రోజన్ ఎక్కువ కనిపిస్తే మాంసాహారం అనుకుని కంగారు పడకు.

వాషింగ్టన్ రాష్ట్రంలోని కెన్నెవిక్‌లో కొలంబియా నది ఒడ్డున 1996లో దొరికిన మనిషి సంగతి నువ్వు బాగా తెలుసుకోవాలి. ఆయన సుమారు తొమ్మిది వేల ఏళ్ళ కిందటివాడు. ఆయన ఎముకల్లో సముద్రపు తిండి గుర్తు బలంగా ఉంది. దాన్ని బట్టి ఆయన తీరం నుంచి వచ్చినవాడని కొందరు అన్నారు. కానీ సాల్మన్ చేప సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదికి ఎదురీదుతూ వందల కిలోమీటర్లు లోపలికి వస్తుంది, సముద్రపు గుర్తును తనతో పాటు మోసుకొస్తుంది. నది దగ్గర కూర్చుని సాల్మన్ తిన్నవాడి ఎముక కూడా అలాగే కనిపిస్తుంది. తిండి గుర్తును ఊరి గుర్తు అనుకోకు. ఈ తిండి రేడియోకార్బన్ వయసును కూడా అసలు కంటే పాతదిగా చూపిస్తుంది, దాన్నీ సరిచేయాలి.

అక్కడి తెగలు ఆయన్ని తమ పూర్వీకుడిగా భావించి, తిరిగి భూమిలో పెడతామని అడిగాయి. 2004లో కోర్టు, ఆయన్ని పరిశోధిస్తామన్న శాస్త్రవేత్తల పక్షాన తీర్పు ఇచ్చింది. 2015లో డీఎన్ఏ ఫలితం వచ్చింది, తెగలు మొదటి నుంచీ చెబుతున్నదే నిజమని తేలింది. 2017 ఫిబ్రవరిలో ఆయన్ని మళ్ళీ మట్టిలో పెట్టారు. ఇరవై ఏళ్ళు పట్టింది! ఆ ఇరవై ఏళ్ళు ఆ కుటుంబాలకు ఎలా గడిచి ఉంటాయో ఆలోచించు. మన తాతగారి అస్థికలు ఎవరి బీరువాలోనో ఉంటే మనం నిద్రపోతామా? 2024 జనవరి నుంచి అక్కడి నియమాల ప్రకారం పరిశోధనకు ముందు తెగల సమ్మతి తప్పనిసరి. నియమం ఉందని కాదు, వాళ్ళకు తెలుసుకోవాలని ఉన్న ప్రశ్న ఏమిటో ముందు వాళ్ళనే అడుగు. సాల్మన్ ఎప్పుడు, ఎక్కడ పట్టేవారో వాళ్ళు చెప్పగలిగినంత నీ మిషన్ చెప్పలేదు.

వాళ్ళు వద్దంటే వద్దే. కుక్కల ఎముకలు ఉన్నాయేమో చూడు. మనుషులు పెట్టిందే అవీ తిన్నాయి. కెనడాలో బ్రిటిష్ కొలంబియాలోని నాము అనే చోటికి చెందిన పాత కుక్కల ఎముకలతో 1999లో మంచి పని జరిగింది.

నా మనసులో ఇప్పటికీ గుచ్చుకునే సంగతి ఒకటి చెబుతాను. నేను కొత్తగా చేరిన ల్యాబ్‌లో ఒక ఎముక నుంచి పెద్ద ముక్క కోశాం. పలుచని ఆమ్లంలో రోజుల తరబడి నానితే, మంచి ఎముక తాటిముంజెలా మెత్తగా, పారదర్శకంగా మిగులుతుంది. మాది మొత్తం కరిగిపోయింది. ముందే చిటికెడు పొడిలో నైట్రోజన్ శాతం చూసుకుని ఉంటే అందులో కొలాజెన్, అంటే మేం కొలవాల్సిన ఎముక ప్రోటీన్, లేదని తెలిసేది. ఒక మనిషి ఎముక పోయింది, జవాబూ రాలేదు. కొలాజెన్ వచ్చినా కార్బన్, నైట్రోజన్ నిష్పత్తి 2.9, 3.6 మధ్య లేకపోతే ఆ ఫలితాన్ని పక్కన పెట్టెయ్, ఎంత అందమైన కథ చెప్పినా సరే.

వలసలు తెలుసుకోవడానికి స్ట్రాన్షియం అనే మూలకాన్ని చూస్తాం. ఒక్కో చోటి రాతిలో దాని ఐసోటోపుల పాళ్ళు వేరు. రాతిది మట్టికి, మట్టిది పంటకు, అక్కడి నుంచి పంటికి చేరుతుంది. మొదటి దవడపన్ను ఎనామెల్‌లో పసితనపు నేల ఉంటుంది, జ్ఞానదంతంలో ఆ తర్వాతి ఏళ్ళది. మిసిసిపీ నది దగ్గరి పాత ఆదివాసీ నగరం కహోకియాలో దాదాపు మూడో వంతు మంది బయటి నుంచి వచ్చినవాళ్ళని 2014లో ఇలాగే తేల్చారు. స్థానిక విలువ కోసం నత్తలు, మొక్కలు ఏరేటప్పుడు ఎరువు వేసిన పొలాలకు దూరంగా వెళ్ళు.

ప్రయాణానికి ముందు ఒకసారి ఇంటికి రా. నా పాత ల్యాబ్ నోట్‌బుక్కులు తీసి పెట్టాను. పొరపాట్లు రాసుకున్న పేజీల మూలలు మడిచాను, ముందు అవి చదువు.

పెద్దమ్మ