పోర్షే 914లో ఇంజెక్షన్ తీసేసి కార్బురేటర్లు వేయించవచ్చా?

ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ ఊరికే నడుస్తున్నప్పుడు, ఆర్‌పీఎమ్ పైకీ కిందికీ ఊగుతోందని, మెకానిక్ పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్ మొత్తం పీకేసి రెండు వెబర్ కంపెనీ కార్బురేటర్లు వేద్దామంటున్నాడని రాశారు. మీది 1973 పోర్షే 914, 2.0 లీటర్ ఇంజన్. నాదీ అచ్చంగా అదే బండి. ఇదే జబ్బు చూసి ఇక్కడ కాలిఫోర్నియాలో కార్బురేటర్లకు మార్పించి, రెండేళ్లు నడిపి, మళ్లీ ఇంజెక్షన్‌కే వచ్చాను. అందుకే చెబుతున్నాను, ఇప్పుడే తొందరపడకండి.

నన్ను అటు నడిపించింది భయమే. మన బండిలో ఉన్న బాష్ డి-జెట్రానిక్ 1967లో ఫోక్స్‌వాగన్ 1600తో మొదలైన పాత ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్. ఆ కంట్రోల్ బాక్సు, ఆ వైర్లు చూస్తేనే టెన్షన్ వచ్చేది. కార్బురేటర్ అయితే విజయవాడలో నాన్నగారి అంబాసిడర్ దగ్గర చిన్నప్పటి నుంచీ చూసిందే. పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం ఉన్న జెట్ విప్పి ఊదితే బండి మళ్లీ అందుకునేది. ఇదీ అంతే అనుకున్నాను.

అంత తేలిక కాదు. డి-జెట్రానిక్ ముఖ్యంగా ఇంజన్‌లోకి గాలి వెళ్లే మానిఫోల్డ్‌లోని వాక్యూమ్‌ను ప్రెషర్ సెన్సర్‌తో కొలిచి పెట్రోల్ ఎంత పంపాలో లెక్కేస్తుంది. అందుకే ఈ ఇంజన్‌కు వాక్యూమ్ నిలకడగా ఉండేలా, వాల్వులను మరీ ఎక్కువ తెరవని క్యామ్‌షాఫ్ట్ వేశారు. ఆ క్యామ్‌ను అలాగే ఉంచి నేను రెండు 40 ఐడీఎఫ్ మోడల్ వెబర్లు పెట్టించాను. చల్లటి ఉదయం దగ్గేది. హైవే మీద నెమ్మదిగా యాక్సిలరేటర్ నొక్కితే ఒక్క క్షణం పట్టేసినట్టయ్యేది. మైలేజీ బాగా పడిపోయింది. ఇంజన్ వేడెక్కి సాగితే రెండు కార్బురేటర్లనూ కలిపే లింకేజ్ కదిలి, రెండు వైపులా సమంగా పెట్టిన గాలి మళ్లీ తేడా వచ్చేది. స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ కూడా మార్చాల్సి వచ్చింది.

పెట్రోల్ ప్రెషర్ విషయం మాత్రం ప్రాణానికి సంబంధించింది. ఇంజెక్షన్ పంపు దాదాపు 2 బార్ ప్రెషర్‌తో, అంటే 29 పీఎస్ఐతో తోస్తుంది. వెబర్‌కు 3 నుంచి 3.5 పీఎస్ఐ చాలు. పాత పంపు ఉంచేస్తే కార్బురేటర్‌లోకి పెట్రోల్ రాకుండా ఆపాల్సిన నీడిల్ వాల్వ్ దాన్ని ఆపలేదు, పెట్రోల్ పొంగి వేడి ఇంజన్ మీద పడుతుంది. ఏ దారిలో వెళ్లినా, కారు మధ్య టన్నెల్‌లో ఉండే ప్లాస్టిక్ పెట్రోల్ పైపులు ముందు మార్చండి. ఇన్నేళ్లకు అవి పెళుసుబారిపోతాయి.

ఇక అసలు జబ్బు. రెండేళ్ల తర్వాత, తీసేసిన ఇంజెక్షన్ భాగాలు దాచిన పెట్టెను అటక మీంచి దింపి ప్రెషర్ సెన్సర్‌ను పరీక్షించాను. దాని గొట్టానికి చేతి వాక్యూమ్ పంపు తగిలించి 15 అంగుళాల (పాదరసం కొలతలో) వాక్యూమ్ దాకా లాగితే పంపు మీటరు ముల్లు కొన్ని నిమిషాలైనా కదలకూడదు. నాది చూస్తుండగానే పడిపోయింది. లోపలి డయాఫ్రమ్, అంటే పల్చటి పొర, పగిలింది. ఇన్‌టేక్ రబ్బరు గొట్టాల్లో చీలికలు కూడా ఉన్నాయి. ఆ రెండూ బాగుచేసి ఇంజెక్షన్ తిరిగి బిగిస్తే ఐడిల్ గోడ గడియారంలా నిలకడగా నడిచింది. నాకు ఈ పరీక్ష ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో!

కార్బురేటర్లు తప్పని నా అభిప్రాయం కాదు. ఇంజన్ మొత్తం విప్పి పెద్ద పిస్టన్లు, వాల్వులను ఎక్కువ తెరిచే క్యామ్ వేయిస్తుంటే కార్బురేటర్లే సరైనవి, ఎందుకంటే డి-జెట్రానిక్‌ను ఆ మార్పులకు సరిదిద్దడం కష్టం. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడల్ పెట్రోల్ కార్లకు స్మాగ్ (పొగ కాలుష్యం) పరీక్ష కూడా లేదు. కానీ మార్చినా ఇంజెక్షన్‌లో ఒక్క భాగం కూడా పారేయకండి. కంట్రోల్ బాక్సు, ప్రెషర్ సెన్సర్ ఆ ఇంజన్‌కు జతగా సరిపోయేవి, విడివిడిగా దొరికితే పొసగకపోవచ్చు.

ముందు ఆ వాక్యూమ్ పరీక్ష చేసి, ముల్లు ఎక్కడ నిలిచిందో ఇక్కడ రాయండి. దాన్నిబట్టి తర్వాత ఏం చూడాలో చెబుతాను.