ఇంపాక్ట్ కిటికీల ఖర్చు బీమా తగ్గింపుతో తిరిగి వస్తుందా?

ప్రశ్న: మేము ఫ్లోరిడాలో, టాంపా శివారులో ఉంటున్నాము. మాది 1998లో కట్టిన కాంక్రీట్ బ్లాకుల ఇల్లు. మునుపటి యజమాని 2010లో పర్మిట్ తీసుకుని షింగిల్ (పలుచని పలకలు పరిచిన) పైకప్పు కొత్తగా వేయించారు. ఇంటి బీమా ఏడాదికి 5,400 డాలర్లకు చేరింది. 2024లో హెలీన్, మిల్టన్ తుపానులు రెండు వారాల తేడాతో వచ్చి వెళ్ళినప్పటి నుంచి ఇంటిని గట్టిపరచుకోవాలన్న ఆలోచన ఉంది. అన్నిటికీ ఇంపాక్ట్ కిటికీలు (గాలికి ఎగిరివచ్చే వస్తువుల తాకిడిని తట్టుకునేవి) పెట్టడానికి 26,000 డాలర్లవుతుందనీ, బీమా సగానికి తగ్గి ఆ డబ్బు కొన్నేళ్ళలోనే తిరిగి వస్తుందనీ ఒక కంపెనీ ప్రతినిధి చెబుతున్నారు. నమ్మవచ్చునా? – ఒక పాఠకురాలు, టాంపా

జవాబు: సగానికి తగ్గుతుందన్న మాటను నమ్మి సంతకం చేయకండి. గాలి దెబ్బను తట్టుకునే ఏర్పాట్లున్న ఇళ్ళకు బీమా కంపెనీలు తగ్గింపు ఇచ్చి తీరాలని ఫ్లోరిడా చట్టం చెబుతోంది. అంతవరకు ఆయన మాట నిజమే. అయితే ఆ తగ్గింపు ప్రీమియంలో తుపాను గాలికి సంబంధించిన వాటాకే వర్తిస్తుంది కాని అగ్నిప్రమాదం, దొంగతనం, పైపుల లీకేజీ వంటివాటి కోసం కట్టే వాటాను తాకదు. మీ పాలసీ వివరాలను క్లుప్తంగా చూపే డిక్లరేషన్స్ పేజీలో హరికేన్ వాటా ఎంతో విడిగా రాసి ఉంటుంది, చూడండి. అది 3,000 డాలర్లనీ, కిటికీల వల్ల అందులో నాలుగోవంతు తగ్గుతుందనీ అనుకుందాం. ఏడాదికి మిగిలేది 750 డాలర్లు. ఆ లెక్కన పెట్టిన డబ్బు తిరిగి రావడానికి దాదాపు 35 ఏళ్ళు పడుతుంది. అప్పు చేసి వేయిస్తే వడ్డీయే అంతకు మించిపోతుంది.

కిటికీల మాట అటుంచి, మీ ఇంట్లో ఇప్పటికే ఉన్నవాటికి తగ్గింపు అందుతోందో లేదో ముందు తేల్చుకోవాలి. గాలి దెబ్బను తట్టుకునే ఏర్పాట్లు ఇంట్లో ఏమున్నాయో చూసే విండ్ మిటిగేషన్ తనిఖీ అని ఒకటుంది; లైసెన్సున్న ఇన్‌స్పెక్టర్ వచ్చి, ఓఐఆర్-బి1-1802 అనే రాష్ట్ర ఫారం నింపి, ఫోటోలు జతచేసి ఇస్తారు. ఇంటికి పెద్ద మార్పులు చేయనంతవరకు అది ఐదేళ్ళు చెల్లుతుంది. మీ విషయంలో ఇది ముఖ్యమని ఎందుకంటున్నానంటే, ఆండ్రూ తుపాను 1992లో దక్షిణ ఫ్లోరిడాను ధ్వంసం చేసిన తరువాత రూపొందిన రాష్ట్రవ్యాప్త భవన నియమావళి 2002 మార్చి 1న అమల్లోకి వచ్చింది. అంతకు ముందు కట్టిన ఇంటికి పైకప్పు మార్చినప్పుడు చెక్క పలకలకు అదనపు మేకులు కొట్టాలనీ, షింగిల్స్ ఎగిరిపోయినా నీరు దిగకుండా రెండో రక్షణ పొర వేయాలనీ 2007లో నిబంధన చేర్చారు. మీ పైకప్పు 2010 నాటిది. ఆ పని పర్మిట్ ప్రకారం జరిగి ఉంటే, అందుకు రావలసిన తగ్గింపు మీ పాలసీలో ఎక్కకుండా ఉండిపోయి ఉండవచ్చు. కౌంటీ కార్యాలయంలో ఆ పర్మిట్ ప్రతి తీసుకుని ఇన్‌స్పెక్టర్ చేతికివ్వండి.

ఆయన అటక ఎక్కినప్పుడు చూసేవాటిలో మరొకటి, చూరు దగ్గర ట్రస్ (పైకప్పును మోసే చట్రం) గోడ మీద కూర్చునే చోటు. అక్కడ ఏటవాలుగా కొట్టిన మేకులు తప్ప ఇంకేమీ లేకపోతే అది అట్టడుగు తరగతి. 1990లలో కట్టిన బ్లాకుల ఇళ్ళలో చాలావాటికి గోడ పైన కాంక్రీటులోనే దించిన లోహపు పట్టీలు ఉంటాయి, కాని అవి ఇన్సులేషన్ కింద కప్పబడి కనిపించవు. పట్టీ ఉన్నంత మాత్రాన సరిపోదు, దానికి కనీసం మూడు మేకులు ఉండాలి. రెండే ఉంటే ఫారంలో తక్కువ తరగతి కిందనే రాస్తారు. ఆ మూడో మేకు కొట్టించడం కిటికీల ధరతో పోలిస్తే ఖర్చు కిందే లెక్క కాదు. అయితే ఇంటి చుట్టూ అన్ని ట్రస్‌లకూ కొట్టించాలి, ఎందుకంటే తరగతిని నిర్ణయించేది అన్నిటికంటే బలహీనమైన కీలే.

కిటికీల తగ్గింపుకూ ఇదే సూత్రం. అద్దమున్న ప్రతి తెరుపుకూ రక్షణ ఉంటేనే పూర్తి తగ్గింపు వస్తుంది. పెరటి స్లైడింగ్ తలుపు, ముఖద్వారం పక్కనున్న సన్నని అద్దం, పైకప్పులోని స్కైలైట్, వీటిలో ఒక్కటి వదిలేసినా 26,000 పెట్టిన ఫలితం కాగితం మీద దక్కదు. ఆ కొటేషన్‌లో ఇవన్నీ ఉన్నాయా? పెద్ద వస్తువుల తాకిడిని తట్టుకుంటుందని పరీక్షించి ఆమోదించిన షట్టర్లకు కూడా అదే తగ్గింపు వర్తిస్తుంది, ఖర్చు చాలా తక్కువ. కాకపోతే తుపాను హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఇంట్లో ఉండి వాటిని మూయాలి. వేసవిలో నెలల తరబడి హైదరాబాదులోనో విజయవాడలోనో గడిపే కుటుంబాలు ఈ చిక్కును గుర్తుంచుకోవాలి.

తెరుపులను కాపాడుకోవడానికి బీమా తగ్గింపుతో సంబంధం లేని కారణం మరొకటి ఉంది. కిటికీ గాని గ్యారేజ్ తలుపు గాని పగిలి గాలి లోపలికి చొరబడితే, లోపలి నుంచి పైకి తోసే ఒత్తిడీ బయటి నుంచి లాగే గాలీ కలిసి పైకప్పును లేపేస్తాయి. అన్నిటికంటే వెడల్పైన తెరుపు గ్యారేజ్ తలుపే అయినా, అమ్మేవారు దాని ఊసు ఎత్తరు. పైగా హరికేన్ డిడక్టిబుల్ (తుపాను నష్టంలో బీమా కంపెనీ ఇవ్వని, మీరే భరించవలసిన మొదటి భాగం) మామూలు డిడక్టిబుల్ వంటిది కాదు, ఇంటి బీమా మొత్తంలో శాతంగా ఉంటుంది. ఇల్లు 4 లక్షల 20 వేల డాలర్లకు బీమా అయి ఉండి డిడక్టిబుల్ 2 శాతమైతే, నష్టంలో మొదటి 8,400 డాలర్లు మీరే భరించాలి. 5 శాతమైతే 21,000. ఇంటిని గట్టిపరచడం వల్ల మిగిలే డబ్బును అసలు ఇక్కడ లెక్క చూడాలి, ఏడాదికి తగ్గే 750లో కాదు.

నా అభిప్రాయంలో, మీరు ముందు తనిఖీ చేయించి, ఆపైన పట్టీలూ గ్యారేజ్ తలుపూ చూసుకుని, పెద్ద మొత్తాన్ని పైకప్పు కోసం దాచుకోవడం మంచిది. షింగిల్స్‌కు 15 ఏళ్ళు నిండాయి కనుక పాలసీ పొడిగింపు దగ్గర ప్రశ్నలు వస్తాయి. 2022 నాటి చట్టం ప్రకారం, ఇంకా ఐదేళ్ళ మన్నిక ఉందని తనిఖీలో తేలితే కేవలం వయసు చూపి కంపెనీ మిమ్మల్ని తిరస్కరించకూడదు. అయినా మార్చే రోజు ఎంతో దూరంలో లేదు. ‘మై సేఫ్ ఫ్లోరిడా హోమ్’ పథకంలో మీరు పెట్టే ప్రతి డాలరుకూ ప్రభుత్వం రెండు డాలర్లు, గరిష్ఠంగా 10,000 వరకు ఇస్తుంది. ఆదాయ పరిమితులున్నాయి, నిధులూ త్వరగా అయిపోతాయి. అనుమతి రాకముందే పని మొదలుపెడితే ఏమీ రాదు.

ఇవేవీ వరద నుంచి కాపాడవు. హెలీన్ వేళ టాంపా బే తీరంలో ఇళ్ళను ముంచింది గాలి కాదు, ఉప్పెన. ఆ నష్టం మామూలు ఇంటి బీమాలోకి రాదు. జాతీయ వరద బీమా విడిగా తీసుకోవాలి, అది సాధారణంగా 30 రోజుల తరువాత గాని అమల్లోకి రాదు.

అన్నీ ఆలోచించాక కూడా కిటికీలే కావాలనిపిస్తే, వాటిని పరీక్షించి ఆమోదించినట్టు చూపే ప్రొడక్ట్ అప్రూవల్ నంబర్లు ఒప్పందంలో రాయించుకుని, సంతకానికి ముందే మీ బీమా ఏజెంటుకు పంపి, కొత్త ప్రీమియం ఎంతవుతుందో లిఖితపూర్వకంగా అడగండి.