మా ఆవిడది అతి భయమా?

ప్రశ్న: మేడమ్, మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. మా ఆవిడ గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తుంది. షిఫ్టు మారినప్పుడల్లా రాత్రి పదిన్నర దాటాక క్యాబ్ బుక్ చేసుకుని వస్తుంది. ఎక్కింది మొదలు దిగేదాకా ఫోన్‌లోనే ఉంటుంది, మాట్లాడేదేమీ ఉండదు, నేను ఊ కొడుతూ ఉండాలి. పైగా సందు మొదట్లోకొచ్చి నిలబడాలి. అదే టైముకి నేను ఒక్కణ్నే నడిచొస్తే కుక్కల భయం తప్ప ఇంకేమీ ఉండదు. మన దేశంలో హత్యకు గురయ్యేది ఎక్కువగా మగవాళ్లేనని చదివి, ఆ మాట చెబితే పెద్ద గొడవైంది. ఇది అతి భయం కాదా? కౌన్సెలింగ్‌కి తీసుకెళ్లమంటారా? (పేరు వద్దన్నారు)

జవాబు: మీరు చదివింది నిజమే. జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022 లెక్కల్లో హత్యకు గురైనవాళ్లలో 70 శాతం దాకా మగవాళ్లే. ఆ లెక్కన రాత్రిపూట వణకాల్సింది మీరు. మరి ఎందుకు వణకరు? ఎందుకంటే ఆ హత్యల్లో చాలావాటికి తగాదాలు, పాత కక్షలు, డబ్బు గొడవలు కారణం, వాటితో మీకు సంబంధం లేదని మీకు లోపల తెలుసు. సందులో ఎదురొచ్చినవాడు మహా అయితే ఫోన్ లాక్కుంటాడు, నాలుగు దెబ్బలు కొడతాడు, అంతటితో అయిపోతుందని మీ ధైర్యం. మీ ఆవిడకి ఆ ‘మహా అయితే’ దగ్గర గీత లేదు. వెనకాల వస్తున్న బండి ఊరికే వస్తోందా, వెంటపడుతోందా అన్నది తేలేసరికి ఆలస్యమైపోతుంది, ఒకవేళ ఏదైనా జరిగితే ‘ఆ టైములో ఎందుకెళ్లావ్’ అన్న ప్రశ్న కూడా ఆమెకే వస్తుంది, మిమ్మల్ని ఎవరూ అడగరు.

2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేటు వద్ద ఒక పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేసిన ఘటన మీకు గుర్తుండే ఉంటుంది. పోలీసులు చెప్పిన ప్రకారం, ఆమె స్కూటీ టైరులో గాలి తీసేసి, పంక్చరైంది బాగు చేయిస్తామని ఆ నిందితులే వచ్చారు. అదే పంక్చర్ మీకైతే, ఎవరో ఒకరు దొరికారు కదా అని ఊపిరి పీల్చుకుంటారు. ఆ అమ్మాయి భయంగా ఉందని చెల్లెలికి ఫోన్ చేసింది. ఆ రాత్రే ఇంట్లోవాళ్లు పోలీసుల దగ్గరకి వెళితే, ఇది మా పరిధి కాదంటూ తిప్పారు. మన హైదరాబాద్‌లో సాయం చేస్తామన్నవాళ్లని చూసి కూడా ఆడవాళ్లు జంకడం వింతేమీ కాదు.

ఒకసారి ఆవిణ్ని అడిగి చూడండి, క్యాబ్ ఎక్కేముందు ఏమేం చేస్తుందో. నంబర్ ప్లేటు సరిచూసుకోవడం, డ్రైవర్ వెనక సీట్లో కూర్చోవడం, తలుపుకి చైల్డ్ లాక్ వేసి ఉందా అని చెయ్యి పెట్టి చూడటం, ‘ఆ, రెండు నిమిషాల్లో వచ్చేస్తా, నువ్వు కిందే ఉండు’ అని గట్టిగా చెప్పడం. కొంతమందైతే ఇల్లు తెలియకూడదని కిరాణా కొట్టు దగ్గరే దిగిపోతారు. మా తరంలో బస్సెక్కాలంటే చేతిలో పిన్నీసు ఉండేది, మా అమ్మ తరంలోనూ అదే (దీని గురించి ఇంట్లో మగవాళ్లకి ఎప్పుడూ చెప్పలేదు, చెప్పే అవసరం ఉందనీ తోచలేదు). ఇంత జాగ్రత్త పడి రోజూ క్షేమంగా ఇంటికొస్తుంటే, ఏమీ జరగలేదు కదా, మరెందుకు భయం అంటున్నారు మీరు.

ఇంకో సంగతి ఉంది, అది మీ ఇద్దరికీ వర్తిస్తుంది. అత్యాచారం కేసుల్లో చాలావరకు నిందితుడు తెలిసినవాడే, బంధువో, పక్కింటివాడో, పనిచేసే చోటివాడో. సందు చివర నిలబడి దాన్ని ఆపలేం. కాబట్టి ఆఫీసులో ఫలానా ఆయన పద్ధతి బాగోలేదు అని ఆవిడ ఎప్పుడన్నా అంటే, ‘నువ్వన్నీ ఎక్కువ ఊహించుకుంటావ్’ అనకండి.

కౌన్సెలింగ్ అంటారా, నిద్ర పట్టకపోయినా, పగలు కూడా బయటికెళ్లడం మానేసినా, గుండెదడ వస్తున్నా తప్పకుండా వెళ్లాలి. మీరు రాసినదాంట్లో అలాంటిదేమీ లేదు. ఉద్యోగం చేస్తోంది, రాత్రిపూట తిరిగి వస్తోంది, తోడుగా మీరు ఫోన్‌లో ఉండాలంటోంది. ఉండండి, క్రికెట్ చూస్తూనే ఊ కొట్టండి, ఆవిడేం అనుకోదు. తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ అనే ప్రయాణ భద్రత సేవ ఉంది, ప్రయాణం మొదలుపెట్టాక వాళ్లే కనిపెట్టి చూస్తారు. అత్యవసర నంబర్ 112 ఇద్దరికీ గుర్తుండాలి. పరిధి అని తిప్పిపంపే మాట ఇప్పుడు చెల్లదు, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని రాసి ఉంది.

మీరు రాత్రి నడుస్తుంటే ముందు ఒక అమ్మాయి ఒంటరిగా వెళుతోందనుకోండి, రోడ్డుకి అవతలి పక్కకి మారిపోండి. మీకు పది అడుగులు ఎక్కువవుతాయి, అంతే.

ఇక అసలు అడగాల్సినది, ఆ టైముకి సొంత ఖర్చుతో క్యాబ్ ఎందుకు? రాత్రి షిఫ్టులో ఆడవాళ్లతో పనిచేయించుకునే కంపెనీ రవాణా ఏర్పాటు చేయాలన్నది ప్రభుత్వం ఇచ్చే అనుమతి షరతుల్లోనే ఉంటుంది. హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ పెట్టమనండి, జవాబు రాతపూర్వకంగానే అడగమనండి. ఏమన్నారో మళ్లీ రాయండి.