పసిపిల్లల క్లాసు, పెద్దపిల్లల సేవ: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అమెరికా హైస్కూళ్లలో ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేషన్ క్లాసు తీసుకున్న పిల్లలవి, వాళ్ల అమ్మానాన్నలవి. ప్రీస్కూల్లో చాలా ఏళ్లు టీచర్‌గా చేశాను, మా క్లాసుకి ప్రాక్టికల్స్‌కి వచ్చే హైస్కూల్ పిల్లల్ని చూసుకునే పని కూడా నాదే, అందుకని ఈ నెల కాలమ్ మొత్తం వీటికే ఇచ్చేస్తున్నా.

మేడమ్, మా అమ్మాయి టెన్త్ గ్రేడ్. ఎలెక్టివ్‌గా చైల్డ్ డెవలప్‌మెంట్ తీసుకుంది, ఇప్పుడేమో ఎఫ్‌సీసీఎల్ఏలో చేరతానంటోంది, మెంబర్‌షిప్ కట్టాలంట, రెడ్ బ్లేజర్ కావాలంట. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే మా ఆయన "పిల్లల్ని ఆడించడానికి క్లాసెందుకు, ఆ టైములో కోడింగ్ క్లబ్బులో చేరొచ్చుగా" అంటున్నారు. ఏం చెప్పమంటారు?
ఓ తల్లి, టెక్సాస్

ముందు అదేంటో చెప్తానండీ, ఆయనకి అది చదివి వినిపించండి. పూర్తి పేరు ఫ్యామిలీ, కెరీర్ అండ్ కమ్యూనిటీ లీడర్స్ ఆఫ్ అమెరికా. 1945లో షికాగోలో ఫ్యూచర్ హోమ్‌మేకర్స్ ఆఫ్ అమెరికా అనే పేరుతో మొదలైంది, అప్పట్లో నల్లజాతి పిల్లల స్కూళ్లు వేరుగా ఉండేవి కాబట్టి వాళ్లకి న్యూ హోమ్‌మేకర్స్ ఆఫ్ అమెరికా అని వేరే సంస్థ ఉండేది, 1965లో ఆ రెండూ కలిసిపోయాయి. ఇప్పుడున్న పేరు 1999లో పెట్టారు. ఇల్లు చక్కబెట్టుకోవడం దగ్గర మొదలైన సంస్థే గానీ ఇప్పుడు చైల్డ్ కేర్, టీచింగ్, ఫుడ్, ఫ్యాషన్ ఇలా చాలా కెరీర్ల పిల్లలు ఇందులో ఉంటారు. స్కూలయ్యాక ఓ గంట కూర్చుని వచ్చే క్లబ్బు లాంటిది కాదండీ ఇది, క్లాసుకి అతుక్కునే ఉంటుంది, చాలాచోట్ల ఆ క్లాసు టీచరే చాప్టర్‌కి, అంటే ఆ స్కూల్లోని శాఖకి, అడ్వైజర్, క్లాసులో చదివింది బయటికెళ్లి చేసి చూపించాలి.

ఆ చేసే పనికి వాళ్లు ఐదు మెట్లు పెట్టారు, సమస్య గుర్తించడం, లక్ష్యం పెట్టుకోవడం, ప్లాన్ రాసుకోవడం, చేయడం, చేశాక ఏం జరిగిందో మళ్లీ వెళ్లి చూడటం. చదివితే చప్పగా ఉంటుంది, నేను కళ్లారా చూసింది చెప్తా. మా క్లాసుకి వారానికి రెండురోజులు ఒక అమ్మాయి వచ్చేది, సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లే టైములో గుమ్మం పక్కన నిలబడేది. కొంతమంది తల్లులు మేం అంటించిన నోటీసు వైపు చూడకుండానే వెళ్లిపోతున్నారని ఆ పిల్ల గమనించింది, నేను అదే గుమ్మం దగ్గర ఏళ్ల తరబడి నిలబడ్డా ఎప్పుడూ పట్టించుకోలేదు. నోటీసేమో ఇంగ్లీషులో, ఆ తల్లులేమో స్పానిష్ చదువుతారు, విషయం చూస్తే ఇంతే, బిడ్డకి ఒక జత బట్టలు ఎక్స్‌ట్రా పంపండి అని. ఆ అమ్మాయి బొమ్మలు గీసి, స్పానిష్ బాగా వచ్చిన ఫ్రెండ్ చేత రెండు లైన్లు రాయించి, మా డైరెక్టర్ పర్మిషన్ తీసుకుని అంటించింది, రెండు వారాలాగి వచ్చి అరల్లో ఉన్న బట్టల సంచులు లెక్కపెట్టింది. అంతకుముందు ఐదారుగురు తెచ్చేవాళ్లు, ఇప్పుడు దాదాపు అందరివీ ఉన్నాయి. ప్యాంటు తడుపుకున్న పిల్లాడు ఇంకొకరి బట్టలేసుకుని సిగ్గుపడుతూ కూర్చునే బాధ తప్పింది. ఆ లెక్కపెట్టడం ఉంది చూశారూ, అది ఐదో మెట్టు, పెద్దవాళ్లం మనం కూడా దాన్ని వదిలేస్తాం.

కోడింగ్ మంచిదే, కాదనను. కానీ ఎవరికి ఏం కావాలో చూసి, చిన్నగా చేసి, పనిచేసిందో లేదో చెక్ చేసుకోవడం అనేది సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మీ ఆయన రోజూ చేసేదే. స్టార్ ఈవెంట్స్ అని వీళ్లకి పోటీలుంటాయి, చేసిన ప్రాజెక్టు తీసుకెళ్లి జడ్జీల ముందు నిలబడి చెప్పాలి, రీజియన్ దాటితే స్టేట్, స్టేట్ దాటితే నేషనల్స్. మీ అమ్మాయి అక్కడ మాట్లాడటం ఒక్కసారి చూశాక ఆయన ఈ మాటే ఎత్తరని నాకనిపిస్తోంది. బ్లేజర్ మాత్రం వెంటనే కొనకండి, స్కూల్లో అరువిచ్చేవి ఉన్నాయేమో అడ్వైజర్ని అడగమనండి.

ఆంటీ, నేను ఇలెవెన్త్, చాప్టర్ వైస్ ప్రెసిడెంట్‌ని. హాలిడేస్‌కి దగ్గర్లో ఉన్న హెడ్ స్టార్ట్ సెంటర్ (పేద కుటుంబాల పిల్లల ప్రీస్కూల్) కోసం టాయ్ డ్రైవ్ పెడదామనుకుంటున్నాం, స్కూలంతా డబ్బాలు పెట్టి కలెక్ట్ చేసి మేమందరం వెళ్లి ఇస్తాం. ఎలా చేస్తే సక్సెస్ అవుతుంది?
ఓ స్టూడెంట్, న్యూజెర్సీ

నాన్నా, డబ్బాలు పెట్టకముందు ఒక ఫోన్ చెయ్. సెంటర్ డైరెక్టర్‌కి ఫోన్ చేసి "మీకేం కావాలి" అని అడుగు, అడిగాక ఆవిడ చెప్పేదాకా నువ్వేం చెప్పకు. బొమ్మలు అనరేమో, వానలో వేసుకునే కోట్లంటారేమో, డైపర్లంటారేమో, వారానికో గంట పుస్తకం చదివిపెట్టే మనిషి కావాలంటారేమో. ఆ జవాబు మీద పని మొదలుపెడితే సగం అయిపోయినట్టే.

బొమ్మలే కావాలన్నారనుకో, అప్పుడు ఇవి చూసుకోవాలి, ఇందులో నేను అస్సలు రాజీపడను. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలకి అమెరికాలో స్మాల్ పార్ట్స్ రూల్ ఉంది, 1980 నుంచి అమల్లో ఉంది. టెస్టుకి ఒక చిన్న సిలిండర్ వాడతారు, అడ్డంగా 1.25 అంగుళాలు, లోతు ఒక వైపు 1 అంగుళం నుంచి ఇంకోవైపు 2.25 అంగుళాల దాకా ఏటవాలుగా ఉంటుంది, పసిపిల్లల గొంతు సైజు ఊహించి చేసింది. బొమ్మ గానీ ఊడొచ్చిన ముక్క గానీ నొక్కకుండా అందులో మొత్తం పట్టేసిందంటే అది ఆ పిల్లలకి ఇవ్వకూడదు. మీ దగ్గర సిలిండర్ ఉండదు కాబట్టి అయిపోయిన టాయిలెట్ పేపర్ అట్టగొట్టం తీసుకో, అది దానికంటే కొంచెం వెడల్పే కాబట్టి అందులోంచి జారిపోయేదేదైనా పక్కన పెట్టేస్తే మీరు ఇంకా జాగ్రత్తగా ఉన్నట్టు. చేత్తో విప్పగలిగే బ్యాటరీ మూత ఉన్నవి వద్దు, విడి అయస్కాంతాలున్నవి వద్దు, రబ్బరు బెలూన్లు అసలే వద్దు, పగిలిన బెలూన్ ముక్క గొంతులో అతుక్కుంటే తీయడం చాలా కష్టం. ఎవరైనా పాత ఉయ్యాల మంచం అదే క్రిబ్ ఇస్తామంటే, పక్క పలక కిందికి జారే రకమైతే తీసుకోకండి, 2011 జూన్ నుంచి వాటిని అమ్మడమే నిషేధం. ఈ చెకింగ్‌కి ఒక సాయంత్రం పడుతుంది, డ్రైవ్ మొత్తంలో అసలు పని అదే.

ఇంకో మాట, "అందరం వెళ్లి ఇస్తాం" అన్నావు కదా. ఒకసారి మా క్లాసుకి ముప్ఫైమంది దాకా హైస్కూల్ పిల్లలు ఒకేసారి వచ్చారు, శాంటా టోపీలు, పాటలు, చప్పట్లు, వాళ్ల మనసు మంచిదే, కానీ మా మూడేళ్ల పాప ఒకతి టేబుల్ కింద దూరి బయటికి రానంది, ఆ మధ్యాహ్నం ఎవరూ సరిగ్గా పడుకోలేదు. అరగంటలో వాళ్లు వెళ్లిపోయారు, మళ్లీ కనపడలేదు, మర్నాడు ఒక బాబు తలుపు దగ్గర నిలబడి "అక్కయ్యలు ఏరీ" అని అడిగాడు. ఆ వయసు పిల్లలకి సర్‌ప్రైజ్ కంటే తెలిసిన ముఖం మళ్లీ రావడమే ఇష్టం. అందుకని మీలో ఇద్దరే వెళ్లండి, ప్రతి మంగళవారం, అదే టైముకి, అదే చాప మీద కూర్చుని, సెమిస్టర్ అయ్యేదాకా. పుస్తకం గబగబా చదివేయకుండా పేజీకోసారి ఆగి "ఇప్పుడేమవుద్ది" అని అడగండి, ఒకే పుస్తకం నాలుగు వారాలు చదవమన్నా చదవండి, నాలుగోసారికి కథ వాళ్లే మీకు చెప్తారు. మిగతా చాప్టర్ వాళ్లు బయట ఉండి పుస్తకాలు సర్దొచ్చు, బొమ్మలు కడగొచ్చు, షెడ్యూల్ చూసుకోవచ్చు.

నీకు తెలుసో లేదో, హెడ్ స్టార్ట్ 1965లో పేద కుటుంబాల పిల్లల కోసం వేసవిలో ఎనిమిది వారాల ప్రోగ్రాంగా మొదలైంది, ఫెడరల్ డబ్బుతో నడుస్తుంది గానీ ఖర్చులో మామూలుగా 20 శాతం లోకల్‌గా చూపించాలి, అందులో వాలంటీర్లు పనిచేసిన గంటల విలువ కూడా లెక్కలోకొస్తుంది. అందుకే అక్కడ సైన్ ఇన్ షీట్ మీద టైము కరెక్టుగా వేసి రావాలి, మర్చిపోతే వాళ్లకే నష్టం.

మేం హెచ్-1బీ మీద ఉన్నాం, మా అమ్మాయిది హెచ్-4. ట్వెల్త్‌కి వచ్చేసరికి సీడీఏ సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చని టీచర్ చెప్పారట, 480 గంటలు చెయ్యాలట. డేకేర్‌లో పనిచేస్తే వీసాకి ఇబ్బంది కాదా? చేసిన సర్వీస్ గంటలు ఇందులో కలుస్తాయా?
ఓ తండ్రి, జార్జియా

సీడీఏ అంటే చైల్డ్ డెవలప్‌మెంట్ అసోసియేట్. 120 గంటల క్లాసు ట్రైనింగ్, పసిపిల్లలతో 480 గంటల అనుభవం (అప్లై చేసే ముందు మూడేళ్ల కాలంలో చేసినదై ఉండాలి), పోర్ట్‌ఫోలియో, ఒకరొచ్చి క్లాసులో చూసి వెళ్లడం, చివర్న పరీక్ష. హైస్కూల్లో ఈ కోర్సు చదివే జూనియర్లు, సీనియర్లు కూడా అప్లై చేయొచ్చు. గంటల సంగతి సింపుల్, పిల్లలతో గడిపినవి లెక్కకొస్తాయి, బొమ్మలు పోగుచేసినవి, పోస్టర్లు అంటించినవి రావు. అందుకని మొదటిరోజు నుంచే రెండు వేరు వేరు నోట్‌బుక్కులు పెట్టమనండి, ఒక దాంట్లో పిల్లలతో గడిపినవి, ఇంకోదాంట్లో మిగతా సర్వీస్, ప్రతి లైనుకీ అక్కడి టీచర్ సంతకం.

వీసా విషయంలో జాగ్రత్త పడటం కరెక్టే. హెచ్-4 మీద మాత్రమే ఉన్న పిల్లలకి పనిచేసే పర్మిషన్ ఉండదు, 2015లో వచ్చిన హెచ్-4 ఈఏడీ, అంటే పనిచేసే పర్మిట్, కొందరు భార్యాభర్తలకే గానీ పిల్లలకి కాదు. కాబట్టి జీతం ఇస్తామన్నా, స్టైపెండ్ ఇస్తామన్నా, గిఫ్ట్ కార్డు ఇస్తామన్నా తీసుకోకూడదు. లాభం కోసం నడిచే డేకేర్‌లో "ఊరికే వాలంటీర్‌గా చేస్తా" అనడం కూడా మంచిది కాదు, జీతమిచ్చి చేయించుకునే పని ఫ్రీగా చేసినా అది పనికిందే పడొచ్చు. స్కూల్ కోర్సులో భాగంగా, టీచర్ పర్యవేక్షణలో, క్రెడిట్ కోసం చేసే ప్రాక్టికం వేరే సంగతి, చాలా స్కూళ్లకి తమ బిల్డింగ్‌లోనే ప్రీస్కూల్ ల్యాబ్ ఉంటుంది, అలాంటిది ఉంటే మీకు మేలు. అయినా గంటలు మొదలుపెట్టకముందే ఆ ప్రాక్టికం వివరాలు స్కూల్ చేత కాగితం మీద రాయించుకుని ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఒకసారి చూపించండి. చేసేశాక అడిగితే ఎవరూ ఏం చేయలేరు.

ఆంటీ, క్లాసులో అబ్బాయిని నేనొక్కడినే. ఎక్కువ మాట్లాడను. ఆఫీసర్‌గా నిలబడమని టీచర్ అంటున్నారు, నాకు భయం.
ఓ స్టూడెంట్, ఒహాయో

బాబూ, నిలబడు. ప్రెసిడెంటే అవ్వాలని లేదు, సెక్రటరీ ఉంది, ట్రెజరర్ ఉంది, ఆ పనులు మాట్లాడేవాళ్ల కంటే వినేవాళ్లే బాగా చేస్తారు. పసిపిల్లల దగ్గర కూడా అంతే, గట్టిగా మాట్లాడే మనిషి కంటే నేల మీద కూర్చుని బ్లాకులు అందించే మనిషి దగ్గరికే వాళ్లు వస్తారు, నేను రోజూ చూసిందే. చైల్డ్ కేర్‌లో మగవాళ్లు చాలా తక్కువ, కొంతమంది పిల్లలకి నువ్వే మొదటి మగ టీచర్‌వి అవుతావు. తల్లిదండ్రుల్లో ఎవరైనా అదోలా చూడొచ్చు, మనసుకి తీసుకోకు. డైపర్ మార్చడం, బాత్‌రూమ్‌కి తీసుకెళ్లడం స్టాఫ్ పని, వాలంటీర్లది కాదు, ఎప్పుడూ ఇంకో పెద్ద మనిషి కంటికి కనపడే చోటే ఉండు. ఇది అబ్బాయివని చెప్పట్లేదు, నా దగ్గరికి వచ్చిన ప్రతి అమ్మాయికీ ఇదే చెప్పేదాన్ని.

సర్వీస్ చేసిన ఫొటోలు చాప్టర్ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవచ్చా?
ఇద్దరు ఫ్రెండ్స్, ఇల్లినాయి

పిల్లల ముఖాలు కనిపించేవి, పేరు రాసున్న బ్యాగులు కనిపించేవి పెట్టొద్దమ్మా, తల్లిదండ్రులు రాసిచ్చిన పర్మిషన్ సెంటర్ దగ్గర ఉంటే తప్ప. ఈ రంగంలో పెద్ద సంఘం ఎన్‌ఏఈవైసీ, 1989లో వాళ్లు తెచ్చుకున్న నీతి నియమావళిలో అన్నిటికంటే పైనున్నది పిల్లలకి హాని చేయకూడదన్నది, హాని ఎప్పుడు ఎటునుంచి వస్తుందో ఫొటో తీసేవాళ్లకి తెలియదు, కోర్టు గొడవల్లో ఉన్న కుటుంబాలుంటాయి, అడ్రస్ దాచుకుని బతికే తల్లులుంటారు. పిల్లలు వేసిన బొమ్మలు, మీరు సర్దిన పుస్తకాల అర, ఖాళీ చాప, ఇవి తీసుకోండి, అవి కూడా డైరెక్టర్‌కి చూపించాకే పెట్టండి.