యాక్సిడెంట్ కేసుకు లాయరును పెట్టుకునే ముందు

చి. సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అల్లుడుగారి కాలికి ఆపరేషన్ బాగా జరిగిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మనసు కుదుటపడింది. ఆస్పత్రికి ఎవరో వచ్చి, ఖర్చంతా మాది, వచ్చినదాంట్లో ముప్పై శాతం ఇవ్వండి చాలు అని ఖాళీ కాగితాల మీద సంతకాలు అడిగారట. పెట్టకమ్మా. పరిహారంలో లాయరు వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. ఫీజు ఎంతో ముందే తేల్చుకో, ఇచ్చిన ప్రతిసారీ రసీదు అడుగు. పాస్‌బుక్, చెక్కులు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకు.

నేను ప్రాక్టీసు మానేశాను కాబట్టి లాయరును నువ్వే చూసుకోవాలి. భూమి తగాదాల్లో ఎంత పేరున్నా, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో యాక్సిడెంట్ కేసులు నడిపిన అలవాటు లేకపోతే మనకు లాభం లేదు. మొహమాటపడకుండా అడుగు: ఎం.వి.ఓ.పి.లు, అంటే ఈ పరిహారం కేసులు, ఎన్నాళ్ల నుంచి చేస్తున్నారు? బాధితుల తరఫునా, కంపెనీల తరఫునా? గుద్దిన కారు ఇన్సూరెన్స్ కంపెనీ ప్యానెల్‌లో ఉన్న లాయరు మాత్రం వద్దు. కేసు జూనియర్లకు వదిలేస్తారా, సాక్ష్యం రోజు తానే వస్తారా? డాక్టరును కోర్టుకు పిలిపించి సాక్ష్యం చెప్పించారా? ఈ ఆఖరి ప్రశ్నకు జవాబు సరిగ్గా విను.

ఎందుకంటే, కాలికి ముప్పై శాతం వైకల్యం అని సర్టిఫికెట్ తెస్తే, అవతలి లాయరు మొత్తం మనిషికి లెక్కేస్తే పది శాతమే అంటాడు. అదే డాక్టరు బోనెక్కి, మోకాలు ఇంతవరకే వంగుతుంది, ఈయన ఇక నిచ్చెన ఎక్కలేడు అని చెబితే జడ్జిగారు వేరేగా చూస్తారు. నిచ్చెన ఎక్కకపోతే ఎలక్ట్రీషియన్‌కు పనెక్కడిది? కాగితం మీది శాతం కాదు, సంపాదన ఎంత దెబ్బతిందో చూడాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

లెక్క వేసి చూపిస్తాను. నెలకు 20,000 అనుకో. సొంత పని చేసుకునేవాళ్లకు నలభై ఏళ్లలోపైతే ముందుముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలుపుతారు, 28,000 అవుతుంది. ఏడాదికి 3,36,000. అల్లుడుగారికి 34 ఏళ్లు కాబట్టి మల్టిప్లయర్, అంటే వయసును బట్టి ఏడాది సంపాదనను హెచ్చవేసే అంకె, 16. సంపాదన నష్టం 10 శాతమంటే 5,37,600. 40 శాతమని రుజువైతే 21,50,400. వైద్యం ఖర్చులు, నొప్పికి ఇచ్చేది ఇవి కాక. డాక్టరును పిలిపించడానికి బద్ధకించే లాయరు వల్ల ఎంత పోతుందో చూశావుగా.

ఆ 20,000కి కూడా ఆధారం కావాలి. ఫోన్‌పేలో వచ్చిన డబ్బుల స్టేట్‌మెంట్, పని ఇచ్చిన కాంట్రాక్టరు మాట, రెండూ పనికొస్తాయి.

ప్రమాదం సూర్యాపేట దగ్గర జరిగినా, మీరు ఉండేది గుంటూరు కాబట్టి అక్కడే వేసుకోవచ్చు. వాయిదాలకు అంత దూరం తిరగక్కర్లేదు. మోటారు వాహనాల చట్టానికి చేసిన 2019 సవరణ ప్రకారం ఆరు నెలల్లోపు వేయాలి, ఆ గడువు దాటనివ్వకు. లోక్ అదాలత్‌లో రాజీకి రమ్మంటే తప్పు కాదు, కానీ పై లెక్క చేతిలో పెట్టుకుని కూర్చో. తొందరపడి ఒప్పుకుని సంతకం పెట్టాక అప్పీలుకు దారి దాదాపు ఉండదు.

ఎఫ్ఐఆర్ కాపీ, ఊండ్ సర్టిఫికెట్ (గాయాల గురించి డాక్టరు ఇచ్చేది), డిశ్చార్జ్ సమ్మరీ, మందుల బిల్లులు ఒక ఫైల్లో పెట్టి ఉంచు. బిల్లులు వెలిసిపోతాయి, ఈరోజే జిరాక్సు తీయించు. ఆదివారం వస్తాను, లాయరు దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్దాం.

మీ మామయ్య