స్లిప్పులు రెండుసార్లు వెళ్లకూడదంటే

తమ్ముడూ,

హెచ్ఆర్ వాళ్లు జీతం స్లిప్పులు మెయిల్ చేసే బటన్ నొక్కితే 502 (వెనక సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదన్న ఎర్రర్) వస్తోందని నిన్న ఫోన్‌లో చెప్పావు. సర్వర్ ఆగే గడువు, అదే టైమౌట్, పెంచేస్తానన్నావు. ఆ పని మాత్రం చెయ్యకు. మన సైట్‌ని నడిపే గునికార్న్ సర్వర్ మామూలుగా ఇచ్చే గడువు 30 సెకన్లు. దాన్ని పది నిమిషాలు చేస్తే, పేజీలకు జవాబిచ్చే నాలుగు వర్కర్లూ (పనిచేసే ప్రాసెస్‌లు) నాలుగు క్లిక్కులకే ఇరుక్కుపోతాయి. ఐదో మనిషికి లాగిన్ పేజీ కూడా తెరుచుకోదు.

పనిని సెలెరీకి అప్పగించు, అది తన సొంత వర్కర్లతో వెనకాల పని చేయించే ప్రోగ్రాము. బటన్ నొక్కగానే డేటాబేస్‌లో ఒక రికార్డు రాసి, దాని నంబరు సెలెరీ పనుల వరసలో (క్యూలో) వేసి, వెంటనే 202 జవాబు, అంటే "పని తీసుకున్నాం" అని, ఇచ్చెయ్. క్యూలో వేసేది కమిట్ అయ్యాకే, అంటే రికార్డు డేటాబేస్‌లో ఖాయంగా పడ్డాకే సుమా. మన సైట్ రాసిన జాంగోలో ఆన్‌కమిట్ ఉన్నది అందుకే. లేకపోతే రికార్డు ఇంకా పడకముందే వర్కర్ వెతికేసి, దొరకలేదని ఫెయిలవుతుంది. ఇక పేజీలో ఊరికే తిరిగే చక్రం వద్దు. "1,200లో 340 అయ్యాయి" అని కనిపిస్తే ఎవరూ మళ్లీ నొక్కరు.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. చాలా ఏళ్ల కిందట నేనూ ఇదే పని చేశాను. క్యూని మోసే బ్రోకర్‌గా రెడిస్, పని పూర్తయ్యాకే వర్కర్ రసీదు ఇచ్చే సెట్టింగు, అందరి స్లిప్పులూ ఒకే టాస్క్‌లో (ఒకే పనిగా). ఆ నెల టాస్క్ గంట దాటింది. రెడిస్‌తో సెలెరీ రసీదు కోసం మామూలుగా ఆగేది గంటే. రసీదు రాకపోయేసరికి అదే పనిని ఇంకో వర్కర్‌కి ఇచ్చేసింది, మొదటిది ఇంకా నడుస్తుండగానే. చాలామందికి రెండేసి మెయిళ్లు వెళ్లాయి. పొద్దున్నే అటెండరు గారు నా టేబుల్ దగ్గరికొచ్చి, "ఈసారి రెండు జీతాలు పడతాయా సార్?" అని అడిగారు. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అందుకే ఒక్కో ఉద్యోగికి ఒక్కో చిన్న టాస్క్ పెట్టు. ఉద్యోగి, నెల కలిపి యూనిక్ చెయ్యి, ఒకరికి ఒక నెలకి ఒకే రికార్డు ఉండేలా. పంపేముందు ఇంకో వర్కర్ ముట్టుకోకుండా రికార్డుకి లాక్ వేసి, ఇంతకుముందే వెళ్లిందేమో చూడు. మెయిల్ వెళ్లాక, వెళ్లినట్టు రాసుకునేలోపు వర్కర్ పడిపోతే ఒకరికి రెండోది వెళ్లొచ్చు. ఆ ఒక్కరికి ఫోన్ చేసి చెప్పుకోగలం.

డిప్లాయ్ చేసేటప్పుడు (కొత్త కోడ్ సర్వర్‌లో పెట్టేటప్పుడు) వర్కర్‌కి టర్మ్ సిగ్నల్, అంటే ఆగమనే సంకేతం, ఇవ్వు, చేతిలో పని ముగించుకుని ఆగుతుంది. నెలాఖరు రాకముందే టెస్ట్ సర్వర్‌లో మాత్రం కిల్ మైనస్ నైన్‌తో (అప్పటికప్పుడే ఆపేసే కమాండ్‌తో) మధ్యలో నువ్వే చంపి చూడు. ఎన్ని స్లిప్పులు రెండుసార్లు వెళ్లాయో లెక్కపెట్టి నాకు పంపు.

అన్నయ్య